హెర్ కోవాల్ ఎడమ చెవి

1969 శీతాకాలం. హానోవర్‌లో ఒక పెద్దాసుపత్రి చెవి-ముక్కు-గొంతు విభాగంలో నేను అసిస్టెంట్ డాక్టర్ని. గుంటూరులో చదువు ముగించి, మావారి ఇంజినీరింగ్ ఉద్యోగం వెంట జర్మనీ వచ్చి అప్పటికి ఐదేళ్లు. జర్మన్ బాగానే పట్టుబడిందన్న ధీమా, ఆ అంతస్తులో నా అంత శ్రద్ధగా పనిచేసే డాక్టరు ఇంకొకరు లేరన్న పొగరు, రెండూ దండిగా ఉండేవి. ధీమా సంగతి వదిలేయండి. నేను చెప్పబోయేది ఆ పొగరు చేసిన పని గురించి.

మా దగ్గరికి ఫ్యాక్టరీ శబ్దానికి చెవులు పోగొట్టుకున్న కార్మికులు చాలామంది వచ్చేవారు. వాళ్లకు రెండు పరీక్షలు చేసేవాళ్లం. ఒకటి ఆడియోగ్రామ్: ఏ స్వరం ఎంత గట్టిగా ఉంటే చెవికి అందుతుందో చూపించే గీత. రెండోది స్పీచ్ టెస్ట్: చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, టేపు మీద జర్మన్ మాటలు ఒక్కొక్కటే వినిపిస్తే రోగి తిరిగి చెప్పాలి. రెండూ పొంతన కుదరకపోతే మనిషి నటిస్తున్నాడని అనుమానించేవాళ్లు. చెవిటితనం నటించి లాభం పొందాలనుకునేవాళ్లు కూడా ఉండేవారు, అబద్ధమెందుకు.

స్తెఫాన్ కోవాల్ ఫైలు మీద నాకంటే ముందు చూసిన డాక్టరు నటిస్తున్నాడనే రాశాడు. నలభై ఏడేళ్ల మనిషి. పోలండ్‌లో పుట్టినట్టు కాగితాల్లో ఉంది. ఇనుము సాగగొట్టే పెద్ద సుత్తుల షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా పని. ఆడియోగ్రామ్ కంటే స్పీచ్ టెస్ట్ చాలా ఘోరంగా వచ్చింది. బీమా ఆఫీసు వినికిడి యంత్రం ఇవ్వాలా వద్దా అన్నది మా నివేదిక మీద ఆధారపడి ఉంది.

చాలామంది మగవాళ్లు ఆ యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడేవారు. ఈయన దానికోసం మూడోసారి వచ్చాడు. ఎందుకంత పట్టుదల అని అడిగాను.

"నా భార్య ఎల్జె చాలా మెల్లగా మాట్లాడుతుంది, ఫ్రౌ డాక్టర్. మొదట్లో వినిపించేది. ఇప్పుడు పెదాలు చూసి ఊహించుకుంటున్నాను. గట్టిగా చెప్పమంటే ఆవిడకి ఏడుపొస్తుంది."

నాకు పాత డాక్టరు మీద ఒళ్లు మండింది. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ట్రామ్‌లో స్టాపుల పేర్లు చెబుతుంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా చెవులకేం రోగం? పరాయి భాష మాటల్ని సగం సగం విని పూరించుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకని ఆయన చేతే సొంత భాషలో అంకెలు టేపు మీద చెప్పించి, వాటిని కలగాపులగం చేసి తిరిగి వినిపించాను. ఈసారి రెండు పరీక్షలూ చక్కగా కలిశాయి. మనిషి నటించడం లేదు.

కానీ ఎడమ చెవి కుడిచెవి కంటే మరీ పాడైంది. కర్ణభేరి మీద పాత చిరుగు మానిన మచ్చ ఉంది. సుత్తుల చప్పుడు రెండు చెవుల్నీ ఇంచుమించు సమానంగా తినేస్తుంది. ఈ మచ్చ సుత్తిది కాదు. అదేమిటని అడిగితే చిన్నప్పటి జ్వరమన్నాడు. నేను ఊరుకునే రకాన్నా? మళ్లీ అడిగాను. ఆయన తలుపు వంక చూశాడు, తర్వాత నా చీర వంక చూశాడు.

"మీరు జర్మన్ కాదు కదా," అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు.

ఆయన పోలండ్ వాడు కాదు. సోవియట్ యుద్ధవిమానంలో గన్నర్. రెండు సీట్ల విమానం. ముందు పైలట్, వెనక ఈయన, వీపుకి వీపు పెట్టుకున్నట్టు. పైలట్ చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది, అది ఈయన దాకా రాదు. కూర్చోవడానికి ఒక కాన్వాసు పట్టీ, చేతుల్లో మెషిన్‌గన్. వెనక నుంచి వచ్చే శత్రువిమానాల్ని ఆపడం పని. ఒకసారి తరుముకొచ్చిన విమానాన్ని కూల్చి, గాయపడ్డ పైలట్‌తో తిరిగొచ్చినందుకు పతకం ఇచ్చారు. ఇంకోసారి ఇంకొకటి.

"ఇప్పుడున్నాయా?" అన్నాను.

"ఎగిరేముందు పతకాలు ఆఫీసులో ఇచ్చేసి వెళ్లాలి. ఆఖరిసారి తిరిగి వెళ్లలేదుగా."

1945 మొదట్లో తూర్పు ప్రష్యా మీద ఆ విమానం కూలిపోయింది. ఎడమ చెవి పక్కనే గుండు పేలింది. పైలట్ చనిపోయాడు, ఇరవై రెండేళ్లవాడు. ఈయన జర్మన్లకు చిక్కాడు. యుద్ధం ముగిశాక, బందీలుగా ఉండి తిరిగొచ్చినవాళ్లని సొంత దేశమే అనుమానించి శిక్షిస్తోందని విని, పోలండ్ వాణ్ణని చెప్పి ఇక్కడే ఉండిపోయాడు. సొంతూళ్లో ఆయన తల్లికి కొడుకు వీరమరణం పొందాడని కాగితం అందే ఉంటుంది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు మారలేదు. నాకే కళ్లు చెమర్చాయి.

"ఇంట్లో తెలియదు," అన్నాడు చివర్లో. "ఎల్జెది తూర్పు ప్రష్యా. ఆ చలికాలం తల్లితో గుర్రబ్బండి మీద పారిపోయి వస్తుంటే మా విమానాలు వచ్చాయి. తల్లి ఆ రోడ్డు మీదే పోయింది. పెళ్లికి ముందే నాకు చెప్పింది. నేనూ అప్పుడే చెప్పాల్సింది. చెబితే వెళ్లిపోతుందనిపించింది."

ఆ సాయంత్రం ఫైలు ఇంటికి తెచ్చుకుని నివేదిక రాయడం మొదలుపెట్టాను. జర్మన్‌లో దాన్ని గూట్‌ఆఖ్టెన్ అంటారు, నిపుణుల అభిప్రాయం. ఎడమ చెవి యుద్ధంలో పోయింది, కుడిచెవి మాత్రం పూర్తిగా ఫ్యాక్టరీ వల్లే పోయింది అని విడదీసి చూపిస్తే బీమా ఆఫీసు కాదనడానికి వీలుండదు. సోవియట్ విమానంలో గన్నర్‌గా ఎక్కడ పనిచేశాడో, ఎప్పుడు గాయపడ్డాడో, పతకాలతో సహా రాశాను. రాసింది పైకి చదువుతుంటే మావారు కాఫీ తాగుతూ విన్నారు.

"ఆయన్ని అడిగే రాస్తున్నావా ఇదంతా?"

"అడిగేదేంటండీ, ఆయన చెప్పిందేగా. ఇది రాయకపోతే ఆయన్ని దొంగంటారు."

"అది కాదు. ఆ కాయితం ఎవరెవరు చదువుతారో నీకు తెలుసా అని."

"డాక్టర్లు చదువుతారు, ఇంకెవరు చదువుతారు! మీ మిషన్ల సంగతి మీరు చూసుకోండి."

ఆయన కాఫీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు. నేను గెలిచాననుకున్నాను.

రెండు నెలలకి బీమా ఆఫీసు ఒప్పుకుంది. కుడిచెవికి యంత్రం మంజూరైంది. నేను ఆ రోజంతా ఏదో పతకం నాకే వచ్చినట్టు తిరిగాను. ఒప్పుకున్న ఉత్తరంతో పాటు నా నివేదిక నకలు కూడా ఇంటికి పంపుతారని నాకు తెలియదు. ఆఫీసు జర్మన్ కోవాల్‌కి సరిగా కొరుకుడు పడదనీ, ఆ ఇంట్లో ఉత్తరాలన్నీ ఎల్జెయే చదివి పెడుతుందనీ అంతకన్నా తెలియదు. అడిగితే చెప్పేవాడు.

యంత్రం అమర్చే అపాయింట్‌మెంటుకి ఇద్దరూ వచ్చారు. ఎల్జె చిన్న మనిషి. కోటు బొత్తాలు గొంతు దాకా పెట్టుకుని కూర్చుంది. నేను నవ్వుతూ యంత్రాన్ని ఆయన చెవికి తగిలించి, శబ్దం పెంచే చిన్న చక్రం తిప్పాను. తెలిసిన గొంతుతో సరిచూడటం మా పద్ధతి. పెదాలు కనపడకుండా వెనక నిలబడి మాట్లాడాలి.

"ఇంట్లో మాట్లాడినట్టే ఏదైనా అనండి, ఫ్రౌ కోవాల్."

ఆవిడ లేచి ఆయన వెనక్కి వెళ్లింది. తర్వాత, నేను కూడా చెవి రిక్కించాల్సినంత మెల్లగా అడిగింది.

"స్తెఫాన్, మా రోడ్డు మీదికి వచ్చినవాళ్లలో నువ్వున్నావా?"

ఒక్క అక్షరం పోకుండా వినిపించిందని ఆయన భుజాలు చూస్తేనే తెలిసింది.

"బళ్లు చూశాను, ఎల్జె. చాలాసార్లు. ఏ రోడ్డో నాకు తెలియదు."

"కాల్చావా?"

"కాల్చమన్నప్పుడు కాల్చాను. పైనుంచి సైన్యం బళ్లూ మనుషుల బళ్లూ ఒకేలా ఉండేవి."

ఎల్జె చేతిసంచీ తీసుకుంది. "నువ్వు చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, కొట్టేదాన్ని. తర్వాత ఏం చేసేదాన్నో నాకు తెలియదు," అని ఆయనతో అంది. నావైపు తిరిగి, "మీరు రాసింది చాలా స్పష్టంగా ఉంది, ఫ్రౌ డాక్టర్," అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

వాళ్లు విడిపోలేదు. ఆయన ఆరునెలలకోసారి యంత్రం చూపించుకోవడానికి ఒంటరిగా వచ్చేవాడు. ఒకసారి ధైర్యం చేసి, తప్పు చేశాను, క్షమించమన్నాను.

"మీరు అబద్ధం రాయలేదు కదా," అన్నాడు.

"ఎలా వినిపిస్తోంది?"

"అంతా వినిపిస్తోంది. ఆవిడ మెట్లెక్కడం, కప్పులో చెంచా తిప్పడం, తన గది తలుపు మెల్లగా వేసుకోవడం."

"మాట్లాడుతోందా?"

"ఉత్తరాలొస్తే చదివి పెడుతుంది."

1974లో మేం డార్మ్‌స్టాట్ వెళ్లిపోయాం. వాళ్ల సంగతి ఆ తర్వాత తెలియదు. ఆ కేసు తర్వాత రోగికి చదివి వినిపించకుండా, ఇది ఎవరి చేతికి పోతుందో చెప్పకుండా నేను ఒక్క నివేదికా పంపలేదు. తీసేయమన్న వాక్యం తీసేశాను, వాదించాల్సి వస్తే ముందు రోగితోనే వాదించాను. చిన్న జాగ్రత్తే. కోవాల్ విషయంలో కూడా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నేను రాయక తప్పదని తెలిస్తే ఆయన ఆ సాయంత్రమే ఇంటికెళ్లి, భార్య ఎదురుగా కూర్చుని, ఇరవై ఏళ్లుగా దాచిన మాట తన నోటితో చెప్పి ఉండేవాడేమో. ఆవిడ క్షమించేదో లేదో వేరే సంగతి. ఆ మాట చెప్పే హక్కు ఆయనది. నేను ముందే చెప్పేశాను.