మిస్ ఎవలిన్ మాట్లాడిన తెలుగు

దెయ్యాలూ ఆత్మలూ పునర్జన్మలూ మా ఇంట్లో ఎప్పుడూ నవ్వులాట కబుర్లే. నాన్న హైస్కూల్లో సైన్స్ మాస్టారు. నేను చదివింది ఫిజియోథెరపీ. కండరానికీ నరానికీ అందని విషయం ఏదైనా ఎదురైతే, అది ఇంకా మనకు తెలియని వైద్యమే తప్ప మరొకటి కాదని నమ్మినదాన్ని. ఇప్పటికీ దాదాపు అలాగే నమ్ముతున్నాను. ఆ 'దాదాపు' ఎందుకు వచ్చి చేరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. పెళ్ళయ్యాక టెక్సస్ వచ్చాను. నా భర్త శ్రీధర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్. నాకు లైసెన్స్ వచ్చాక ఉద్యోగం దొరికింది మాత్రం ఉత్తరాన కారులో గంట దూరంలో, ఓక్లహోమా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊళ్ళో. పశువుల మేత పొలాలు, రెండు మూడు చర్చిలు, ఒక పెట్రోల్ బంకు, ఊరి చివర వృద్ధుల నర్సింగ్ హోమ్. పక్షవాతం వచ్చినవాళ్ళను, తుంటి విరిగినవాళ్ళను మళ్ళీ నడిపించడం అక్కడ నా పని. ఆ నర్సింగ్ హోమే నాకు హెచ్ వన్ వీసా ఇప్పించింది.

అక్కడివాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళే. ఈ మాట ముందే చెప్పాలి. కొందరు నన్ను తమ చర్చికి పిలిచేవాళ్ళు, కొందరు తోటలో కాసిన టమాటాలు ఇచ్చేవాళ్ళు. ఇంకొందరు వేరు. నేను గదిలోకి వెళ్ళగానే "చేతులు కడుక్కున్నావా?" అని అడిగేవాళ్ళు. తెల్లగా ఉన్న నా తోటి థెరపిస్ట్‌ని ఆ ప్రశ్న అడగగా నేనెప్పుడూ వినలేదు. ఒకాయన నా డిగ్రీ ఏ దేశానిదో, ఇక్కడ చెల్లుతుందో లేదో రోజూ అడిగేవాడు. నేనూ రోజూ జవాబు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ఇవన్నీ ఉద్యోగంలో భాగం అయిపోయాయి.

మిస్ ఎవలిన్ చలికాలం మొదట్లో వచ్చింది. అక్కడ పెద్దావిడల్ని పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు. ఎనభై దాటిన మనిషి. మెదడుకు ఎడమవైపు స్ట్రోక్ రావడంతో కుడి కాలూ చెయ్యీ బలం తగ్గిపోయాయి, మాట పడిపోయింది. అయితే ఇలాంటి రోగుల్లో కొన్ని అలవాటైన మాటలు మిగిలిపోతాయి. కొందరికి ప్రార్థన మిగులుతుంది, కొందరికి తిట్లు. ఆవిడకు మిగిలినవి కొద్ది మాటలే. నన్ను చూసినప్పుడు వాటిలో రెండు బయటికొచ్చేవి. "నాట్ హర్." "గో హోమ్."

మా డిపార్ట్‌మెంట్ హెడ్ లిండా సర్దిచెప్పబోయింది. "తను ఇంటికి వెళ్ళాలనుకుంటోంది హనీ, అది నిన్ను అన్న మాట కాదు" అంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ లిండా గదిలోకి వెళ్తే ఆవిడ ఆ మాట అనేది కాదు.

ఆవిడ కూతురు జానిస్ ఆ ఊళ్ళోనే ఉంటుంది. అరవై దగ్గరపడిన, గట్టి మనిషి. వారంలోపే ఆఫీసుకు వచ్చి, అమ్మకు అమెరికన్ థెరపిస్ట్ కావాలని అడిగింది. తలుపు తెరిచే ఉంది. నేను వరండాలో ఉన్నానని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించలేదు. మరొక థెరపిస్ట్‌కి ఖాళీ లేదని, కొన్నాళ్ళు చూద్దామని లిండా చెప్పి పంపింది.

మామూలు రోజుల్లో అయితే దాన్ని అక్కడే వదిలేసేదాన్ని. కానీ అప్పటికి శ్రీధర్ ఉద్యోగం పోయింది. వాళ్ళ కంపెనీలో టీమ్ మొత్తాన్ని తీసేశారు. తను నా వీసా మీద డిపెండెంట్‌గా మారాడు. అంటే మేమిద్దరం ఈ దేశంలో ఉండడం నా ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. రోగులు వద్దంటే నా గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గితే వీసా చిక్కులో పడుతుంది. ఒక ముసలావిడ అనే రెండు మాటలకు అంత బరువు వచ్చింది.

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉన్నాను. శ్రీధర్ ఫోన్ చేశాడు. చివరి రౌండ్ దాకా వెళ్ళిన ఉద్యోగం కూడా రాలేదన్నాడు.

"ఇంక చాలు హైమా. నువ్వు అక్కడ రోజూ పడే మాటలు, నేనిక్కడ పంపే రెజ్యూమేలు. టికెట్స్ బుక్ చేసేస్తాను. హైదరాబాద్ వెళ్ళిపోదాం" అన్నాడు.

సరే అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను. ఏడవలేదు. లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. తర్వాతి రోగి మిస్ ఎవలిన్.

ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడింది ఆవిడ వినే అవకాశం లేదు. కారు అద్దాలు మూసి ఉన్నాయి. ఆవిడ గది కట్టడానికి అవతలి వైపు, పొలాలవైపు ఉంటుంది.

గదిలో ఎండ బాగా పడుతోంది. టీవీలో ఏదో వంటల కార్యక్రమం వస్తోంది, సౌండ్ తీసేసి ఉంది. రోసా అనే నర్సింగ్ అసిస్టెంట్ పక్క మంచం మీద దుప్పట్లు మారుస్తోంది. మిస్ ఎవలిన్ కిటికీ దగ్గర వీల్‌చెయిర్‌లో, నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నేను అలవాటుగా గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పాను. ఆవిడ తల తిప్పి చూసింది.

"వొచ్చినావేటి అమ్మీ" అంది. "ఇలగొచ్చి కూకో."

నేను కదల్లేదు. తప్పుగా విన్నాననుకున్నాను.

"మొకం అలగ పీక్కుపోనాదేటి? సోడంబలైనా తాగినావా, నేదా?"

గొంతు ఆవిడదే. స్ట్రోక్ వల్ల వచ్చిన తడబాటు లేదు. అమెరికన్ యాస లేదు. రోజూ తెలుగే మాట్లాడే మనిషి ఎంత తేలిగ్గా మాట్లాడుతుందో అలా మాట్లాడింది. ఆ రెండో మాటలో ఏమి తాగావని అడిగిందో నాకు అర్థం కాలేదు. అయినా అడిగింది పెద్దావిడ కాబట్టి, ఆలోచించకుండానే నా నోటి నుంచి జవాబు వచ్చేసింది.

"లేదండీ" అన్నాను.

మంచం అంచున కూర్చున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. అంతకుముందు ఒక్కసారి కూడా నన్ను తాకనివ్వని మనిషి.

"ఎవుళో ఏటో అన్నారని ఎల్లిపోతావేటి? ఎల్లకు. ఇక్కడే ఉండు. నానున్నాను కదా."

కాసేపటికి ఆవిడే "నన్ను నెగదియ్యి" అంది. లేపమని అడుగుతోందని చేతుల కదలిక చూసి తెలుసుకున్నాను. పట్టుకోవడానికి ఆవిడ నడుముకు బెల్ట్ కట్టి, వాకర్ ముందుకు తెచ్చి లేపాను. తలుపు దాకా నడిచి, తిరిగి వచ్చింది. ఆ దశలో ఉన్న రోగి నడవగలిగినంతే నడిచింది, అందులో వింత లేదు. వింత ఏమిటంటే నాతో నడవడం.

కుర్చీలో కూర్చున్నాక నా మొహంలోకి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ చూపులో నేనెవరో తెలిసిన గుర్తు లేదు. టీవీ వైపు తిరిగిపోయింది.

రోసా దుప్పటి చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బయటికి వచ్చాక నన్ను అడిగింది.

"మీరిద్దరూ మాట్లాడుకున్నది మీ భాషేనా? ఆవిడకి ఎప్పుడు నేర్పావు?"

నేను నేర్పలేదన్నాను. రోసా తన మెడలోని శిలువను ఒకసారి ముట్టుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న ఆమె అడగకపోయి ఉంటే, అదంతా నా అలసటలో నేను ఊహించుకున్నదని తేల్చేసుకునేదాన్ని.

మా స్పీచ్ థెరపిస్ట్‌తో మాట్లాడాను. స్ట్రోక్ వచ్చినవాళ్ళు కొన్నిసార్లు అర్థం లేని శబ్దాలను వాక్యాల్లా పలుకుతారని, వినేవాళ్ళ చెవి అందులో తన భాషను వెతుక్కుంటుందని చెప్పింది. సబబైన వివరణే. ఒక రోజంతా నాకు అది సరిపోయింది.

మరుసటి సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే పావని టీకి వచ్చింది. తనది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. జరిగింది చెప్పకుండా, 'సోడంబలి' అంటే ఏమిటో తెలుసా అని మాత్రం అడిగాను.

పావని నవ్వేసింది. "ఎవరన్నారు నీతో? అది మా ఊరి మాట. సోడి అంటే రాగులు. చోళ్ళు అంటాం కదా, ఊళ్ళో సోళ్ళు అనేస్తారు. పొద్దున్నే రాగి అంబలి తాగి పొలం పోతారు. మా అమ్మే మానేసింది ఆ మాట, టౌన్‌కొచ్చాక. నీకెక్కడ దొరికింది?"

నేను చెప్పాను. పావని టీ గ్లాసు కింద పెట్టింది. మిగిలిన మాటలు ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది. 'నెగదియ్యి' దగ్గర, "అది కూడా మాదే" అంది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "నాతో ఎవరైనా అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో తెలుసా" అంది.

నా ఇబ్బంది ఇక్కడే. మావైపు రాగులనే అంటాం. ఆ మాట నేను ఎక్కడా విని ఉండకపోవచ్చు. సినిమాలో ఎప్పుడైనా చెవిన పడి, బుర్రలో ఏ మూలో ఉండిపోయిందా అంటే, కాదని ఒట్టు వేయలేను. కానీ దాన్ని నా బుర్రలోంచి తీసి ఆవిడ నోట్లో పెట్టింది ఎవరు? రోసా విన్నదేమిటి?

శ్రీధర్‌తో ఆ రాత్రి టికెట్లు అప్పుడే వద్దని మాత్రం చెప్పాను. కారణం చెప్పలేదు. ఇంకా కొన్ని వారాలు చూద్దామన్నాను. తను ఎదురు చెప్పలేదు.

మిస్ ఎవలిన్ మళ్ళీ తెలుగు మాట్లాడలేదు. నేను ప్రయత్నించాను కూడా. గదిలో ఎవరూ లేనప్పుడు "బాగున్నారా అండీ" అని అడిగాను. విసుగ్గా చూసింది. "నాట్ హర్" అనడం పూర్తిగా మానలేదు. కానీ చెయ్యి మాత్రం అందించేది. చలికాలం పోయేసరికి వాకర్‌తో వరండా చివరిదాకా నడిచేది. ఒకరోజు జానిస్ వచ్చి గోడకు ఆనుకుని అది చూసింది. అప్పుడేమీ అనలేదు. తర్వాతి వారం పెట్రోల్ బంకులో నా ముందు నిలబడ్డ ఒకతను నా వంక చూసి ఏదో గొణిగితే, వెనక నుంచి జానిస్ గొంతు వినిపించింది.

"మా అమ్మను నడిపించింది ఈ అమ్మాయే, డ్వేన్. నీ తుంటి విరిగినా నువ్వు వెళ్ళాల్సింది ఈమె దగ్గరికే. నోరు అదుపులో పెట్టుకో."

అంతే. నాతో ఒక్క మాట మాట్లాడకుండా డబ్బులు కట్టి వెళ్ళిపోయింది. దాన్ని క్షమాపణ అనాలో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ బంకులో నన్ను పేరుతో పలకరించడం మొదలుపెట్టారు. 'హయ్మా' అంటారు. నేను దిద్దలేదు.

శ్రీధర్‌కి ఎండాకాలంలో ఉద్యోగం వచ్చింది. మేము వెళ్ళలేదు.

మిస్ ఎవలిన్ ఆ శరదృతువులో రెండో స్ట్రోక్‌తో పోయింది. జానిస్ స్వయంగా ఫోన్ చేసి అంత్యక్రియలకు రమ్మంది. చర్చిలో వెనక వరసలో కూర్చోబోతుంటే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, రెండో వరసలో వాళ్ళ కుటుంబం మధ్య కూర్చోబెట్టింది. తర్వాత చర్చి హాల్లో భోజనాలు. మధ్యాహ్నపు ఎండలో మెట్ల మీద నేనూ జానిస్ మాత్రమే మిగిలాం. రోసా ఆమెకు చెప్పినట్టుంది.

"మా అమ్మ నీతో మీ భాషలో మాట్లాడిందట. నిజమా?"

నిజమే అన్నాను. అప్పుడు నేను అడగాలనుకున్నవన్నీ అడిగాను. వాళ్ళమ్మ ఎప్పుడైనా ఇండియా వెళ్ళిందా? ఇండియా నుంచి వచ్చిన మిషనరీలు, డాక్టర్లు, పనివాళ్ళు ఎవరైనా తెలుసా? జానిస్ నిదానంగా ఆలోచించే జవాబు చెప్పింది. అమ్మ ఆ కౌంటీలోనే పుట్టి పెరిగింది. హనీమూన్‌కి గాల్వెస్టన్ సముద్రతీరం, ఆ తర్వాత ఓక్లహోమా తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. విమానం ఎక్కలేదు. చర్చికి వచ్చే మిషనరీలు మెక్సికో వెళ్ళివచ్చినవాళ్ళే. ఇండియా మనిషి ఆ ఇంటి గడప తొక్కగా తను చూడలేదు.

"ఏమంది?" అని అడిగింది.

"ఎవరో ఏదో అన్నారని వెళ్ళిపోకు, ఇక్కడే ఉండు, నేనున్నాను కదా అంది."

జానిస్ పార్కింగ్‌లోని కార్ల వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"అది మా అమ్మ అనే మాట కాదు" అంది. "అని ఉంటే ఎంత బావుండేది."

నేనూ అదే అనుకుంటాను. ఆ నోటితో ఆ మాటలు అన్నది మిస్ ఎవలిన్ కాకపోవచ్చు. మరి ఎవరు? శ్రీకాకుళం పల్లెల్లో నాకు చుట్టాలు లేరు, చనిపోయిన ఆప్తులు లేరు. నన్ను 'అమ్మీ' అని పిలవడానికి, అంబలైనా తాగావా అని అడగడానికి, టెక్సస్‌లో ఒక ముసలావిడ గొంతు అరువు తెచ్చుకోవాల్సినంత పని నాతో ఎవరికి ఉందో ఎంత వెతికినా నాకు తట్టడం లేదు.