ముప్పై దాటని ఎర్ర కారు

మా ఉప్పలయ్యన్నకు భయం. దేనికి భయమని అడిగితే చెప్పడం కష్టం. దేనికి భయం లేదో చెబుదామని నేను చాలా ఏళ్లుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. లిఫ్టు ఎక్కడు. కుక్కరు కూత వేస్తే ఇంట్లోంచి వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. ఫ్యాను జోరుగా తిరిగితే మంచాన్ని గోడ వారకు జరుపుకుంటాడు. నోరు తెరిస్తే "ఏమన్నయితే?" అన్న మాటే ముందొస్తుంది.

జనగామలో ఆయన విత్తనాల దుకాణం, నా మందుల దుకాణం పక్కపక్కనే. పొద్దున్నే షట్టరు ఎత్తే ముందు నన్ను పిలుస్తాడు.

"భిక్షం, జర ఇటొచ్చి నిలవడు. లోపల పాముంటే?"

"పాముంటే నేనేం జేస్తనే అన్నా?"

"ఇద్దరం కలిసి ఉరుకుతం గదా. ఒక్కన్నే ఉరికితే మంచిగుండదు."

అలాంటి మనిషి రెండేళ్ల కిందట స్పోర్ట్స్ కారు కొన్నాడు.

ఎర్రటి కారు. రెండే తలుపులు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. అది అంతకు ముందు యుగేందర్‌ది. యుగేందర్ అంటే ఉప్పలయ్యన్న భార్య వసంతక్కకు చెల్లెలి కొడుకు, భూపాలపల్లిలో ఉంటాడు. ఒకసారి వాడు ఉప్పలయ్యన్నను ఆ కారులో ఎక్కించుకుని, బొగ్గు లారీల మధ్య నుంచి రయ్యిమని ఘనపూర్ దాకా తీసుకొచ్చాడు. ఘనపూర్‌లో ఈయన కారు దిగి, బస్సెక్కి ఇంటికొచ్చి, జ్వరం తెచ్చుకుని పడుకున్నాడు. మందులు నేనే ఇచ్చాను. జ్వరం తగ్గగానే తరిగొప్పుల దగ్గరున్న ప్లాటు యుగేందర్‌కు రాసిచ్చి, ఆ కారు తెచ్చుకున్నాడు.

"మా ఆయనకు జ్వరం నెత్తికెక్కింది" అంది వసంతక్క.

"కారు మీద మనసువడ్డదే" అన్నాడాయన, దాని పక్కన నిలబడి వణుకుతూ.

ఆ రోజు నుంచి ఆ కారు ముప్పై దాటలేదు. ఆటోలు దాన్ని దాటిపోయేవి. సైకిళ్లు దాటిపోయేవి. ఒకసారి పెళ్లి ఊరేగింపు దాటిపోయింది, బ్యాండువాళ్లతో సహా.

మొన్న మార్చిలో గార్లకు బయలుదేరాం. అక్కడ ఓదెమ్మ అనే రైతుకు ఈయన ఇచ్చిన మిర్చి విత్తనం బాగా కాసిందట, వచ్చి చూసి పొమ్మంది. పొద్దున్నే బయలుదేరినా మధ్యాహ్నం దాటాకే చేరాం. దారిలో కారు ముక్కుతూ మూలుగుతూ వచ్చింది. ఏదో మాడిన వాసన. "ఏమన్నయితే?" అని ఈయన ఇంకా నెమ్మది చేశాడు. కారు ఇంకా మూలిగింది.

ఓదెమ్మ కల్లం పక్కన ఎండుగడ్డి మీద కారు ఆపాం. కల్లం నిండా ఎర్రగా ఎండుమిర్చి. దాన్ని చూస్తూ మాట్లాడుతుంటే నా ముక్కులో మంట పుట్టింది. వెనక్కి తిరిగి చూస్తే కారు కింద పొగ. గడ్డి అంటుకుంది. మంట మిర్చి వైపు పాకుతోంది.

అది ఒక ఇంటి ఏడాది కష్టం. మిరపఘాటుకు అందరం దగ్గుతున్నాం, కళ్లు కనపడటం లేదు. "అయ్యో, నా మిర్చి!" అని ఓదెమ్మ అరుస్తోంది.

ఉప్పలయ్యన్న మాత్రం అందరికంటే ముందు కదిలాడు. కారులో ఆయన ఎప్పుడూ నీళ్ల డబ్బాలు, ఇసుక సంచి, తడి గోనెపట్టాలు పెట్టుకుంటాడు. వాటిని చూసి నేనెన్నోసార్లు నవ్వాను. కేకలు వేస్తూనే, ఏడుస్తూనే, వణుకుతూనే ఆయన ఇసుక చల్లాడు, గోనెపట్టాలతో కొట్టాడు. మిర్చి కొంచెం మాత్రమే మాడింది. మంట ఆరాక ఆయన మూర్ఛపోయాడు. మిగిలిన నీళ్లు ఆయన మొహం మీదే చల్లాం.

కారును లారీ మీద వేసి జనగామ తెచ్చాం. మెకానిక్ అక్తర్ కిందికి దూరి చూసి బయటికొచ్చాడు.

"పొగను సాఫ్ చేసే డబ్బాలు పోయినయన్నా. క్యాటలిటిక్ కన్వర్టర్లు. రెండున్నయ్, రెండూ పూడుకపోయినయ్. పొగ బయటికి పోతలేదు, లోపల నిప్పు లెక్క కాగుతున్నయ్."

"ఎందుకు పూడుకపోయినయ్?"

"కారు ఉరికితే కదా మసి కాలేది? మీరు దీన్ని ఎడ్లబండి లెక్క నడిపితిరి."

కంపెనీవి కావాలంటే విదేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది. వేరే కంపెనీవాళ్లు చేసినవి ఇదే కొలతకు దొరుకుతాయి, పొల్యూషన్ పరీక్షలో కూడా పాసవుతాయి అన్నాడు అక్తర్.

ఉప్పలయ్యన్న మొహం తెల్లబోయింది. "పరాయి డబ్బాలా? మనిషికి వేరేవాళ్ల కిడ్నీ పెట్టినట్టు. పడకుంటే? ఏమన్నయితే? భిక్షం, మందులేమన్న ఏస్తరా?"

"కారుకు మందులు నా దగ్గర లేవే అన్నా."

పాత డబ్బాలు కోసి తీస్తున్నంతసేపూ ఆయన రోడ్డుకు అవతల నిలబడ్డాడు. నిప్పురవ్వ కనపడితే చాలు, టీకొట్టు వెనక్కి వెళ్లేవాడు. అక్కడి నుంచే అరిచేవాడు. "అక్తర్! పేలదు గదా?"

"ఇది బాంబు కాదన్నా, డబ్బా!"

కొత్తవి బిగిస్తున్నప్పుడు మహబూబాబాద్ నుంచి, అదే మానుకోట నుంచి, ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. కారు చుట్టూ తిరిగి, ఎంతకైనా కొంటానన్నాడు.

"గీ డబ్బాలెందుకన్నా? పీకేసి ఉత్త పైపు పెట్టిస్త. జనగామల రేసిస్తె మానుకోటల ఇనవడాలె."

నేను ఉప్పలయ్యన్నను మోచేత్తో పొడిచాను. ఇంత పీడ ఇంత తేలిగ్గా వదలడం మళ్లీ జరగదు. ఆయన మాత్రం కుర్రాణ్ని పరీక్షగా చూశాడు.

"ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా?"

"అమ్మ, చెల్లె."

"గట్లయితె ఈ కారు నేనమ్మ."

కుర్రాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "నీకు కారంటే భయం. అది కల్లం తగలబెట్టబోయింది. ఎందుకే అన్నా నీకిది?"

ఆయన తువ్వాలుతో కారు మీది దుమ్ము తుడిచాడు.

"యుగేందర్‌గాడు నన్ను తీసుకొచ్చిన దినం కండ్లు మూసుకున్న భిక్షం. ఒక్కపారి తెరిస్తే, వాడు నా దిక్కు చూసి నవ్వుతున్నడు. ముంగట బొగ్గు లారీ. ఎంటికవాసిల తప్పింది. గప్పుడు వాని పెండ్లాం శృతికి నెలలు నిండినయ్. నాకు వచ్చిన జ్వరం గందుకే. మెల్లగ నడుపుర అంటె ఇంటడా? పిరికోడంటడు. గందుకే మనసువడ్డదని కారే అడిగిన."

"వాని చేతిల నుంచి గుంజుకున్నవ్, సరే. ఇప్పుడు అమ్మచ్చు గదా?"

"ఎవరికమ్మాలె? గిసొంటి కారు ముసలోళ్లు కొంటరా? అమ్మితె ఇంకో తల్లి కొడుకే కొంటడు. నా దగ్గరుంటె ముప్పై మీద పోదు."

అక్తర్ కారు కింద నుంచి తల బయటపెట్టాడు.

"అన్నా, గట్లయితె కొత్తవి కూడ పూడుకపోతయ్. వారానికొక్కపారన్న హైవే మీద ఎనభైల ఉరికించాలె."

"ఎనభయా?" ఉప్పలయ్యన్న కారు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "నలభై మీద రెండుపార్లు పోతే కాదా?"

"కాదన్నా."

ఆ ఆదివారం పొద్దున నేను పక్కన కూర్చున్నాను. ఆయన కారులో హెల్మెట్ పెట్టుకున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. హైవే ఎక్కాక ముప్పై, నలభై, యాభై. ఆయన పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అరవై దగ్గర వసంతక్కకు అప్పగింతలు చెప్పాడు, ఆమె కారులో లేకపోయినా. ఎనభై తాకేసరికి ఇద్దరం అరుస్తున్నాం. కారు మాత్రం సుతిమెత్తగా, ఒక్క మూలుగు లేకుండా పోయింది.

హోటల్ దగ్గర ఆపి చాయ్ చెప్పాం. అంతలో ఫోను. యుగేందర్.

"పెద్దబాపు, ఆదివారమే గదా, కారు తీస్కపోత. ఒక్క రౌండ్ కొట్టి ఇస్త."

ఉప్పలయ్యన్న ఎదురుగా నిగనిగలాడుతున్న కారును చూశాడు. గొంతు నిండా దిగులు తెచ్చుకున్నాడు.

"ఏం కారు బిడ్డా! డబ్బాలు పోయినయ్. అక్తర్ షెడ్డుల ముక్కలు ముక్కలైంది. బాగయ్యేసరికి నీ బిడ్డ బడికి పోతది."