నడుమ కూర్చున్న పెద్దమ్మ

నంబరు చిన్నదైతే లెన్సు రంధ్రం పెద్దదట. నంబరు పెద్దదైతే రంధ్రం చిన్నదట. ఈ తిరకాసు పెట్టినవాడు దొరికితే నాలుగు దులిపేయాలని ఉంది. సెకండ్ హ్యాండ్ కెమెరా కొని, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. ఒకడు చెప్పినదానికి ఇంకొకడు తలకిందులుగా చెబుతాడు.

గద్వాల పెద్దమ్మ గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయే ముందు వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. ఆమెను చూడటానికి నాగర్‌కర్నూల్ పెద్దమ్మా వచ్చింది. మా అమ్మతో కలిపి ఈ ముగ్గురు అక్కాచెల్లెళ్లకు కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ముగ్గురే ఫోటో దిగితే నడుమ ఉన్నవాళ్లకు కీడని మావాళ్ల పట్టింపు.

“నువ్వు గూడ రా బిడ్డా, నలుగురమైతం” అంది గద్వాల పెద్దమ్మ, మంచం నడుమ కూర్చుంటూ.

స్టూలు మీద కెమెరా పెట్టి, టైమర్ నొక్కి, పరుగెత్తి మంచం పక్కన కూలబడ్డాను. చూస్తే అమ్మ ముఖం ఒక్కటే స్పష్టంగా ఉంది, పెద్దమ్మలిద్దరూ మసక. వెనకంతా మసకైతే అందంగా ఉంటుందని నంబరు చిన్నది పెట్టానుగా! ఎనిమిదికి పెంచితే ఈసారి అందరూ చీకట్లో మునిగారు.

“ఏందే, మమ్ముల బొగ్గు లెక్క జేసినవ్” అంది నాగర్‌కర్నూల్ పెద్దమ్మ. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ఐఎస్ఓ అనే ఇంకో నంబరు పెంచితే వెలుతురు వస్తుందని ఎక్కడో విన్నది గుర్తొచ్చింది. పెంచి, ఎలా వస్తుందో చూద్దామని టైమర్ లేకుండా ఊరికే నొక్కాను. ముగ్గురూ నవ్వుతూ, కళ్ల పక్క ముడతలతో సహా ఎంత బాగా వచ్చారో! సంబరంగా టైమర్ పెట్టబోతే బ్యాటరీ అయిపోయింది. చార్జింగ్ ఎక్కేలోపు పెద్దమ్మ తిరిగి గద్వాల పోయే బస్సు వేళైంది.

ఆ ఫోటో ఎవరికీ చూపలేదు. తుడిచేయడానికి మనసు రాదు, ఉంచుకుంటే భయం. ఇలాంటివి నేను నమ్మనని కాలేజీలో తెగ వాదించేదాన్ని. మరి ఇప్పుడు ఎందుకింత బెంగో నాకే అర్థం కాలేదు.

ఆపరేషన్ రేపనగా దవాఖాన నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. “ఫోటో మంచిగొచ్చిందా?”

అబద్ధం నోట రాలేదు. బాగా వచ్చినదాంట్లో ముగ్గురే ఉన్నారని, నడుమ ఆమే ఉందని చెప్పేశాను.

పెద్దమ్మ అంది, “నడుమున్నది నేనే గదా. ఇగ చెల్లెండ్లకేం గాదు. పంపు బిడ్డా, జర సూస్కుంట.”

ఏడుస్తూనే పంపాను.