చెరుకు బండి పక్కన పుట్టిన బావ

మా మనవరాలి పెళ్ళి గురించి మా వీధిలోనూ, బంధువర్గంలోనూ ఒక కథ చెలామణిలో ఉంది. ప్రాణాపాయం నుంచి కాపాడినందుకు కృతజ్ఞతతో ఆ పిల్ల ఆ కుర్రవాణ్ణి ప్రేమించిందనీ, ఆ ప్రేమే పెళ్ళి దాకా వచ్చిందనీ ఆ కథ సారాంశం. ఇది తప్పు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని, జీవితకాలం దస్తావేజులు రాసిన మనిషిని నేను. ఎవరి పత్రంలోనైనా తూర్పు హద్దు పడమరలో కనబడితే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. అటువంటిది, నా ఇంటి సంగతే హద్దులు తారుమారై ఊరంతా తిరుగుతూంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. కనుక జరిగినది జరిగినట్లుగా రాసి పెడుతున్నాను.

ఈ తప్పుకు మొదటి బాధ్యత టెలివిజన్‌ది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, రాత్రి భోజనాల వేళకు సరిగ్గా ఒక హాస్య ధారావాహిక వచ్చేది. కాలేజీ పిల్లల కథ. ప్రతి వారం ఎవరో ఒక అమ్మాయి ఏదో ఒక ఆపదలో చిక్కుకునేది. ఒక వారం లిఫ్టు ఆగిపోయేది, ఒక వారం కుక్క తరిమేది, ఒకసారైతే ఐస్‌క్రీం బండి బోర్లాపడింది. ఎవరో ఒక అబ్బాయి వచ్చి ఆమెను రక్షించేవాడు. ఆ మరుక్షణం అమ్మాయి కళ్ళు పెద్దవయ్యేవి, వెనుక నుంచి వేణువు వినిపించేది, ప్రేమ ఖాయమయ్యేది. మా ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

"ఏటి తాతగారూ, ఐస్‌క్రీం బండి మీద కూడా కోపమేనా?" అని మనవరాలు అడిగేది.

"ప్రతిఫలం పుచ్చుకుని రాసిచ్చేది క్రయపత్రం. ప్రేమాభిమానాలచేత, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా రాసిచ్చేది దానపత్రం. ఈ పిల్ల కాపాడినందుకు మనసు ఇస్తోంది. అంటే క్రయపత్రం రాసి, పైన దానపత్రం అని శీర్షిక పెడుతోంది. ఇది నేరం," అని నేను వివరించేవాణ్ణి.

"తాతయ్యకి స్టాంపు పేపరు మీద తప్ప ప్రేమ కనబడదే," అనేవాడు మనవడు.

ఆ ఏడు మనవరాలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతోంది. లెక్కల్లో గట్టి పిల్ల. పరీక్షలు కాగానే వేసవిలో విశాఖపట్నంలో ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు శిక్షణ తీసుకోవాలని, ఉదయం పాసింజరులో వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలని ఆమె ఏర్పాటు. ఆ శిక్షణాలయం వారు పెట్టిన పరీక్షలో నెగ్గి చోటు సంపాదించుకుంది కూడా. మా అబ్బాయికి ఎరువుల దుకాణం. ఆడపిల్లను రోజూ రైలెక్కించడం అతనికి మనస్కరించకపోయినా, ఆ పిల్ల మార్కుల కాగితం చూసి ఒప్పుకున్నాడు.

అది చెరుకు నరికే కాలం. తుమ్మపాల చక్కెర మిల్లుకు వెళ్ళే దారి పొడవునా చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి మెల్లగా కదులుతూండేవి. మనవరాలు స్నేహితురాలి ఇంటి నుంచి సైకిలు మీద తిరిగి వస్తూ ఒక ట్రాక్టరును దాటబోయింది. సరిగ్గా అప్పుడే తొట్టెలోని చెరుకు ఒక పక్కకు ఒరిగి, కట్టలు కట్టలుగా రోడ్డు మీదికి జారింది. బండి వెనుక నుంచి ఒక కుర్రవాడు దూకి వచ్చి ఆమెను సైకిలుతో సహా కాలువగట్టు మీదికి తోసేశాడు. పిల్ల బురదలో పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఆమె ఉండవలసిన చోట చెరుకు మోకాలి లోతున పేరుకుంది. చూసినవారిని విడివిడిగా విచారించి ఇంతవరకు నిర్ధారించుకున్నాను.

జనం మూగారు. ఈలోగా మనవడు స్కూటరు మీద వచ్చి, చెల్లెల్ని చూసి, చెరుకు గుట్టను చూసి, ఆ కుర్రవాడి రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేపోతే మా చెల్లి ఏటైపోను బావా," అన్నాడు.

మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలు. ఆటో తోలేవాడు బావ, చిల్లర లేదనే కండక్టరు బావ, క్రికెట్టు బంతి మా పెరట్లో పడేసినవాడూ బావే. అందులో వరుస ఏమీ ఉండదు. కానీ బురదలోంచి లేచిన చెల్లెలు పక్కన నిలబడి ఉండగా, ఆమెను కాపాడిన కుర్రవాణ్ణి, మూగిన జనం ముందు, ఆమె అన్న కన్నీళ్ళతో బావా అని పిలిస్తే, విన్నవాళ్ళు దానిని పలకరింపుగా వింటారా?

వినలేదు. వారం తిరిగేసరికి ఆ ధారావాహిక మా వీధిలో రెండు పూటలా నడవసాగింది. పాలు పోసే ఆవిడ గిన్నె అందుకుంటూ, "అల్లుడుగారు వత్తన్నారేటమ్మా, ఇంకో గ్లాసుడు పొయ్యనా?" అని మా కోడల్ని అడిగింది. టిఫిను దుకాణం యజమాని మనవణ్ణి చూసి, "మీ బావ ఇప్పుడే పెసరట్టు తినెల్లేడు. పెళ్ళివారి లెక్కలో రాసేత్తాను," అన్నాడు. ఆ కుర్రవాడు సైకిలు మీద మా వీధిలోంచి వెళ్తే మనవరాలి స్నేహితురాళ్ళు నోటితో వేణువు వాయించేవారు. నాకు పట్టరాని ఆగ్రహం కలిగేది. రోడ్డు మీద జరిగిన ఒక ప్రమాదానికి ఇంతమంది, ఇంత తీరికగా, ఎవరూ అడగకుండానే ముగింపు రాస్తున్నారు.

ఆ కుర్రవాడు తుమ్మపాల రైతుబిడ్డ. విశాఖలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మర్యాద కోసం మా కోడలు అతనినీ, తల్లినీ ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. అతను తల ఎత్తలేదు, రెండోసారి ఏదీ వడ్డించుకోలేదు. చివరికి మా కోడలు చెరుకు రసంతో వండిన పరమాన్నం తెచ్చి ఎదుట పెట్టగానే పొలమారి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా దగ్గాడు.

"ఇంటికాడ గిన్నె ఊడ్చేత్తాడమ్మా. ఇక్కడేటో సిగ్గు," అంది తల్లి.

ఆ సిగ్గు చూసి అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మా అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఆ రాత్రే కూతుర్ని పిలిచి, విశాఖ ప్రయాణం మానుకోమన్నాడు.

"ఆ అబ్బాయీ అదే పాసింజరు ఎక్కుతాడట. ఇద్దరూ ఒకే బండిలో ఎళ్తే ఈ వీధి ఏటంటాది? ఇక్కడే ఉండి చదువుకో."

"ఇక్కడ ఆ పాఠాలు చెప్పేవాళ్ళు లేరు నాన్నా."

"లేకపోతే ఉన్నవే చదువుకో."

చోటు ఖాయం చేసుకోవడానికి ఆ వారాంతమే గడువు. పిల్ల ఏడవలేదు. పుస్తకాలన్నీ గూట్లోంచి తీసి దొంతరగా పేర్చుకుంది, ఎక్కడికో పంపేయడానికి కట్ట కడుతున్నట్లు. అది చూడటం నాకు ఏడుపు చూడటం కన్నా కష్టంగా ఉండింది.

తప్పంతా ఒక్క మాటలో ఉంది కనుక మాటతోనే దిద్దాలని నేను ఆలోచించాను. నలుగురి ముందూ ఆ కుర్రవాణ్ణి ఒక్కసారి అన్నయ్యా అని పిలిస్తే, వరుస మారిపోతుంది, వీధి నోరు మూతపడుతుంది, ప్రయాణం సాగుతుంది అని మనవరాలికి సూచించాను.

"నాకు ఉన్న అన్నయ్యే ఎక్కువ తాతగారూ," అంది.

"ఇది వేళాకోళం కాదు."

"నేనూ వేళాకోళం చెయ్యట్లేదు. ఆయనతో నాకు ఏ వరుసా లేదు. లేని వరుస ఒకటి అన్నయ్య పెట్టేడు. దాని మీద ఇంకోటి నేను కొట్టేసి రాయాలా? కొట్టివేతలున్న పత్రం చెల్లదని మీరే అంటారు కదా?"

అంటాను. ఆమె వాదన సక్రమంగా ఉంది. నేను లేచి వచ్చేశాను.

గడువుకు ముందు రోజు సాయంత్రం మా అబ్బాయి, నేను, టిఫిను దుకాణం యజమాని, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగువారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాము. ఆ కుర్రవాడు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. మనవడి ద్వారా సంగతి తెలిసిందట.

"మావయ్యగారూ, ఒక మాట సెప్పాలి," అన్నాడు మా అబ్బాయితో.

టిఫిను దుకాణం యజమాని గొంతు సవరించుకున్నాడు. కుర్రవాడు నాలుక కరుచుకుని, "మావయ్యగారు కాదండి. బాబుగారూ," అని దిద్దుకున్నాడు.

"సెప్పు."

"ఆ రోజు చెరుకు దానంతటది జారలేదండి. నానే లాగేను."

"ఏటి లాగేవు?"

"గెడండి. తిందామని. పైన గెడ అందలేదు. కింద గెడ పట్టుకు లాగేను. మొత్తం కదిలిపోయింది. ఎదర సూత్తే సైకిలు మీద మీ అమ్మాయి. బయమేసి తోసేసేను."

కదిలే బండి నుంచి చెరుకుగెడ లాక్కోవడం ఈ ప్రాంతపు మగపిల్లలందరూ చేసే పనే. కానీ కింద గెడ లాగకూడదని చిన్న పిల్లలకు కూడా తెలుసు.

"అయితే నువ్వు మా పిల్లని కాపాడలేదా?" అన్నాడు మా అబ్బాయి.

కుర్రవాడు, "కాపాడేనండి. నా నుంచే కాపాడేను," అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న మనవడు ఒక్క ఉదుటున మెట్లు దిగి, "నిన్ను నమ్మి అందరి ముందూ ఏడిసేను కదా బావా," అన్నాడు. అంత కోపంలోనూ బావా అనే అన్నాడు. లోపల గదిలోంచి మనవరాలి నవ్వు వినిపించింది. చాలా రోజుల తరవాత విన్న నవ్వు అది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు?" అని మా అబ్బాయి గద్దించాడు.

"సెబుదామనే బోజనానికి వచ్చేనండి. పరమాన్నం పెట్టేసేరు."

నా అభిప్రాయం చెప్పవలసిన సమయం అదేనని నాకు తోచింది. ప్రతిఫలమే లేదని తేలినప్పుడు పత్రం చెల్లదనీ, ఈ ఇంటికి ఆ కుర్రవాడి పట్ల ఏ బాధ్యతా లేదనీ, ఆ బాధ్యత మీద వీధి అల్లుకున్న మాటలన్నీ అదే క్షణంలో రద్దయ్యాయనీ, రద్దయిన మాటల కోసం పిల్ల చదువు ఆపడం న్యాయం కాదనీ చెప్పాను. మా అబ్బాయి నా మాట విన్నాడో లేదో తెలియదు. అతను టిఫిను దుకాణం యజమానినే చూస్తున్నాడు. ఆయన అప్పటికే కడుపు పట్టుకుని నవ్వుతూ, "గెడ దొంగ" అని రెండుసార్లు రుచి చూసి, ఈ కబురు దుకాణానికి మోసుకెళ్ళడానికి చెప్పులు వెతుక్కుంటున్నాడు. మర్నాటి నుంచి వీధిలో నడవబోయేది ప్రేమకథ కాదని మా అబ్బాయికి అర్థమైంది.

"పొద్దున్న తయారుగా ఉండు. విశాఖ ఎళ్ళి చేర్పించి వత్తాను," అన్నాడు గుమ్మం వైపు తిరిగి.

మనవరాలు అప్పుడు బయటికి వచ్చింది. మెట్టు కింద నిలబడ్డ కుర్రవాడితో మొదటిసారి మాట్లాడింది.

"మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది."

"సారీ అండి."

"గెడ తియ్యగా ఉందా?"

"తినలేదండి."

అంతే. ఆ వేసవంతా ఆ కుర్రవాణ్ణి గెడ దొంగ అనని నోరు లేదు. సొంత తండ్రే అతని చేత సీజను పూర్తయ్యేదాకా సెలవు రోజుల్లో చెరుకు కట్టలు మోయించాడు. మనవరాలు పాసింజరులో వెళ్ళి వచ్చింది. ఆ బండిలోనే అతనూ ఉండేవాడని, ఒకనాడు తానే పిలిచి, "గెడ దొంగగారూ, ఇక్కడ చోటుంది," అన్నదని ఆమె చాలా కాలం తరవాత నాకు చెప్పింది. పిల్లకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. చదువు పూర్తయింది, ఉద్యోగం దొరికింది. ఆ కుర్రవాడు విశాఖలో ఒక కర్మాగారంలో సూపర్వైజరు అయ్యాడు. అప్పుడు ఆమె, తండ్రికి చెప్పకముందే నా దగ్గరికి వచ్చి, అతన్ని చేసుకుంటానని చెప్పింది.

నాకు వెంటనే వేణువు వినిపించింది. "తోసి కాపాడినందుకా?" అన్నాను కఠినంగా.

"కాదు. వచ్చి చెప్పినందుకు."

"అదీ కృతజ్ఞతే కదా. పేరు మారినంత మాత్రాన ప్రతిఫలం ప్రతిఫలం కాకపోదు."

ఆమె తొందరపడలేదు. నా బల్ల అంచు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "కాపాడేడు అనుకున్నన్నాళ్ళూ అతన్ని చూస్తే నాకు తల దించుకోవాలనిపించేది తాతగారూ. ఏదో ఇవ్వాలి, ఏం ఇవ్వాలో వీధి చెబుతోంది. అతను వచ్చి నేను ఇవ్వవలసింది ఏమీ లేదని చెప్పి, దొంగ అనిపించుకుని వెళ్ళేడు. ఆ తరవాతే నేను తల ఎత్తి అతని మొహం చూసేను. బాగుంది. ఇది ఏ పత్రం కిందకి వస్తుందో మీరే చెప్పండి."

దానపత్రం కిందకి వస్తుంది. ఆ మాట నేను పైకి అనలేదు కానీ, ఆ సాయంత్రమే మా అబ్బాయితో మాట్లాడాను.

ఇంటిపేర్లు, వంశవృక్షాలు విచారించే పని నాకే అప్పగించారు. గొలుగొండ వైపు మా మేనత్త సంతానం మీదుగా లెక్క కడితే, ఆ కుర్రవాడు మా మనవడికి వరుసకు బావే అవుతాడని తేలింది. రోడ్డు మీద ఆలోచన లేకుండా అన్న మాటకు ఆధారం దొరకడం చూసి మా మనవడు ఊరంతా చాటుకున్నాడు. ఆధారం తరవాత దొరికినంత మాత్రాన ఆనాడు ఆ మాట అనడం ఒప్పయిపోదని అతనికి నేను స్పష్టం చేశాను.

పెళ్ళినాడు పందిరి గుంజలకు అరటిచెట్లతో పాటు చెరుకుగెడలు కూడా అడ్డంగా, ఒకదాని పైన ఒకటిగా కట్టించాడు మనవడు. బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు లోపలికి వస్తూ వాటి ముందు ఆగిపోయాడు. నా పక్క కుర్చీలో కూర్చున్న దూరపు బంధువు ఒకాయన, "ప్రాణం పోసిన మనిషికే పిల్లనిచ్చేరు, రుణం తీరిపోయింది," అన్నాడు. అది పొరపాటని నేను మొదటి నుంచి చెప్పడం ప్రారంభించాను. అక్కడ గుంజ దగ్గర మనవడు పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యి వేసి, "లాగు బావా, ఈసారి ఎవరూ పడరులే," అంటున్నాడు.

పెళ్ళికొడుకు పీటల వైపు చూశాడు. అక్కడ మా మనవరాలు తల ఎత్తి చూస్తోంది. అతను చెయ్యి పైకి చాపి, అందినంతలో అన్నిటికన్నా పై గెడ పట్టుకున్నాడు.