ఎనిమిది సాంచాల సేఠ్

నా ఇంటి లోను ఫైలులో ఒక ఫోటో ఉంది. నల్లగా పడిన జెరాక్సు. అందులో నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక పవర్‌లూమ్ కార్ఖానా మధ్యలో నిలబడి ఉంటాను. నా వెనక, మగ్గం పక్కన, బనీను మీద ఒక మనిషి తల దించుకుని కనబడతాడు. ఫోటో కింద ఇంగ్లీషులో యజమాని, పనివాడు అని రాసి ఉంది. ఆ కార్ఖానా నాది కాదు. వెనక నిలబడ్డ మనిషిది. ఆయన మా అక్క భర్త, నాకు బావ.

భివండిలో మా తెలంగాణవాళ్లం పవర్‌లూమ్ మగ్గాన్ని సాంచా అంటాం. ఐదో తరగతి మధ్యలో ఆపేసి నేను ఇక్కడికి వచ్చినప్పుడు సాంచా నడపడం నేర్పింది బావే. ఆ చప్పుడులో పెదాలను చూసి మాట అర్థం చేసుకోవడం కూడా ఆయనే నేర్పాడు. పదకొండేళ్లు వాళ్ల ఒంటిగది ఖోలీలోనే తిన్నాను, వాళ్ల ఖోలీలోనే పడుకున్నాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. కార్ఖానా లెక్కలు రాసే గుమాస్తాను ఇక్కడ మెహతా అంటారు. జీతాలిచ్చే పగారు రోజు మా మెహతా చీటీ మీద వేసే అంకెలను ఇంటికొచ్చి మళ్లీ వేసి చూసుకునేవాణ్ని. రెండుసార్లు ఆయన లెక్కలో తప్పు పట్టుకున్నాను. ఆయన పని మానేసి వెళ్లాక కార్ఖానా యజమాని, మా సేఠ్, ఆ కుర్చీ నాకిచ్చాడు. ఇప్పుడు నాకు యాభై దగ్గరపడుతోంది. మా సందులో ఎవరికి మీటర్ల లెక్కలో తేడా వచ్చినా చీటీ పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నేను చెప్పిన అంకెను ఇంతవరకూ ఎవరూ మళ్లీ వేసి చూడలేదు.

నేను కొనాలనుకున్న ఇల్లు మాన్కోలి గోదాముల వెనక ఒక కొత్త బిల్డింగులో ఉంది. ఒక గది, వంటిల్లు, మంచం పట్టని బాల్కనీ. పద్దెనిమిది లక్షలు. నా దగ్గర ఐదున్నాయి. పెద్ద బ్యాంకులు జీతం కాగితం అడిగాయి. నా జీతం కవర్లో నోట్లుగా వస్తుంది. గోదాములో లోడింగ్ చేసే మా అబ్బాయి జీతమూ అంతే. అట్లాంటి వాళ్లకు ఇచ్చే చిన్న కంపెనీ ఒకటి ఉందని, దాని ఏజెంటు ధామన్కర్ నాకా కూడలిలో జెరాక్సు దుకాణం పక్కన కూర్చుంటాడని తెలిసి వెళ్లాను. మనవాడే, కరీంనగర్ వైపు మనిషి.

"మెహతా అని రాస్తే ఎనిమిది లక్షలిస్తరన్నా. సాంచాలున్న సేఠ్ అని రాస్తే పదమూడిస్తరు."

"నాకు సాంచాలెక్కడియి?"

"మీ బావకున్నయ్ గద. ఆఫీసరు సూడనొచ్చేది అర్ధగంట. అర్ధగంట సేఠ్‌వి కాలేవా?"

బావ దగ్గర ఎనిమిది పాత సాంచాలున్నాయి. వ్యాపారి నూలు ఇస్తే బట్ట నేసి మీటరుకింత మజూరీ తీసుకునే పని. షెడ్డు అద్దెది, కరెంటు మీటరు షెడ్డు యజమానిది. బావ పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు. ఏజెంటు ఆ అడ్రసు మీద గుమాస్తా లైసెన్సు తీయించాడు. ఇక్కడ దుకాణానికైనా కార్ఖానాకైనా యజమాని ఫలానా అని చూపించే కాగితం అదే. అది నా పేరు మీద వచ్చింది. సంతకం పెట్టేముందు నేనొక మాట అడిగాను.

"రేపు మా బావ గిట్ల లోను తీసుకుంటనంటే?"

"ఆ కార్ఖానా ఇగ నీదేనాయె. ఆయన సంగతి అప్పుడు సూద్దాం తియ్యి."

ఒక అడ్రసు, ఒక పేరు. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. నేను రెండోసారి అడగలేదు. సంతకం పెట్టాను. ఆఫీసరు ముందు కార్ఖానా నాదన్నట్టు ఉండాలని బావకు చెప్పాను. లైసెన్సు గురించి మాత్రం "ఏవో కాగితాలు జేసిండ్రు" అని చెప్పాను. ఆయనకు తెలుగు అక్షరాలే కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు, మరాఠీ కాగితాలు నేనే చదివి చెప్పాలి.

ఆఫీసరు వచ్చే సమయానికి కార్ఖానాలో ఒక పనివాడు కనబడాలని ఏజెంటు చెప్పాడు. బావ దగ్గర ఉన్న ఒక్క పనివాడూ పెళ్లికని ఊరెళ్లాడు. ఆ సంగతి నేను నసుగుతూ చెప్తే బావ పెద్దగా నవ్వాడు.

"గంతేనా బామ్మర్దీ! ఇరవై ఏండ్ల సంది సేఠ్‌నై ఏం సంపాయించిన? ఒక్క పూట పనోన్నయితే ఏం పోతది?"

ఆఫీసరు మా అబ్బాయి వయసు వాడు. హెల్మెట్ చేతిలో పట్టుకుని, చెవులు మూసుకున్నట్టు ముఖం పెట్టి లోపలికి వచ్చాడు. నేను చేయి ఎత్తాను. బావ ఒక్కో సాంచా దగ్గరికి ఉరికి ఎనిమిదీ ఆపాడు. ఆఫీసరు హిందీలో అడగడం మొదలుపెట్టాడు. నెలకు ఎన్ని మీటర్లు, మజూరీ ఎంత, కరెంటు ఎంత. ఆ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. బావ లెక్కలు రాసేదీ నేనే.

తర్వాత ఆయన బావ వైపు తిరిగాడు. "సేఠ్ పగార్ టైమ్ పే దేతా హై?" సేఠ్ జీతం టైముకు ఇస్తాడా అని.

బావ రెండు చేతులూ కట్టుకున్నాడు. "దేతా హై సాబ్. అచ్ఛా సేఠ్ హై." ఇస్తాడు, మంచి సేఠ్ అన్నాడు.

మూలన కండెలు చుట్టే మిషను దగ్గర అక్క కూర్చుని ఉంది. సాంచాలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు కండెలు ఆమే చుడుతుంది. ఆఫీసరు ఆమెవైపు వేలు చూపించి "యే?" అన్నాడు.

"వో భీ కామ్‌వాలీ హై," అన్నాను. ఆమె కూడా పనిమనిషేనని.

అక్క చేయి ఆగింది. నేను అటు చూడలేదు. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికేనేమో, బావ వైపు తిరిగి, "ఏయ్, దో చాయ్ లేకే ఆ. జల్దీ!" అన్నాను, రెండు చాయ్ త్వరగా తెమ్మని. చాయ్ మాట మేం ముందు అనుకున్నది కాదు. ఏజెంటు చెప్పింది కాదు. పోనీ, చాయ్ మర్యాద కోసం అనుకుందాం. ఆ జల్దీ మాత్రం మర్యాద కాదు. మా సేఠ్ నన్ను అనే తీరు అది. ఇన్నేళ్లుగా విని విని ఎక్కడ దాచుకున్నానో, సమయం దొరకగానే బయటికి వచ్చింది.

బావ రెండు గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టి వెనక్కి వెళ్లి సాంచా పక్కన నిలబడ్డాడు. ఆఫీసరు ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. ఫైలులో ఉన్నది అదే.

ఆయన బండి సందు మలుపు తిరిగాక బావ నా వీపు మీద చరిచాడు. "ఏం సేఠూ! జల్దీ అంటివి, ఉరికిన, సగం చాయ్ చేతి మీదనే పాయె!" బొబ్బ ఎక్కిన వేలు చూపించి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క మిషను తిప్పుకుంటూ ఉంది.

లోను వచ్చింది. నెలకు కట్టే కిస్తీ పదహారు వేల ఇరవై మూడు, పదిహేనేళ్లు. నేను పొడుగు నోటుబుక్కులో నూటా ఎనభై వరసలు గీసి వడ్డీ ఎంత, అసలు ఎంత అని చివరిదాకా వేశాను. కంపెనీ లెక్కకూ నా లెక్కకూ నాలుగు రూపాయలే తేడా. అది అందరికీ చూపించుకున్నాను. గృహప్రవేశానికి బావ సీలింగ్ ఫ్యాను కొనుక్కొచ్చి, స్టూలెక్కి తనే బిగించాడు. దాని కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.

రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం బావ ఒక రంగుల కాగితం పట్టుకుని వచ్చాడు. మా బిల్డింగులోనే కింది అంతస్తులో ఒక ఇల్లు అమ్మకానికి ఉంది.

"మీ అక్కకు ఈ గాలి మంచిగనిపిచ్చింది. ఆ షెడ్డు దుమ్ముల దగ్గు తగ్గుతలేదు ఆమెకు. తొమ్మిది లక్షలు లోను దొరికితే మిగిలింది నేను సర్దుకుంట. జర లెక్క గట్టి చెప్పు."

ఆయనకు అప్పుడు యాభై ఏడు. ఆయన అడగబోయేది నాకు లోనిచ్చిన కంపెనీనే; అరవై ఐదు దాటాక కిస్తీ ఉండకూడదని వాళ్ల నియమం. అంటే ఎనిమిదేళ్లు. నేను పెన్ను తీశాను. నెలకు పద్నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై ఆరు. కింద రెండు గీతలు గీసి ఇచ్చాను. ఆ లోను రాదని నాకు తెలుసు. ఏ ఎనిమిది సాంచాలను చూపించి ఆయన అడగబోతున్నాడో అవి కాగితం మీద నావి. అయినా రూపాయి తేడా లేకుండా లెక్క కట్టి ఇచ్చాను.

"గట్లనే గట్టుకుంట," అని బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆటో దాకా సాగనంపాను. మా మెట్లు నలభై ఎనిమిది. ప్రతి మెట్టు మీదా చెప్పవచ్చు. ఒక్క మెట్టు మీదా చెప్పలేదు.

మూడు వారాలు ఆయన నుంచి ఏ కబురూ లేదు. ఉండబట్టలేక ఒక సాయంత్రం కార్ఖానాకు వెళ్లాను. బావ బట్ట తానులు వ్యాపారికి అప్పజెప్పడానికి టెంపోలో వెళ్లాడు. అక్క ఒక్కతే ఉంది.

"ఆఫీసరొచ్చిండా అక్కా?"

"వచ్చిండు. గప్పటి పోరడే." ఆమె కండె మార్చింది. "మీ బావను సూడంగనే గుర్తుపట్టిండు. మీ సేఠ్ ఉన్నడా అని అడిగిండు. ఫోన్ల సూపెట్టిండు తమ్మీ, ఈ కార్ఖానా నీ పేరు మీదున్నదట."

నేను కింద పడ్డ కండె తీసి ఆమె పక్కన పెట్టాను.

"ఇది నాదే సాబ్ అని ఒక్క మాటంటే అయిపోవు. అంటడేమోనని సూసిన. సేఠ్ బయటికి పోయిండు సాబ్, ఏజెంటు తప్పు రాసిండు, నేను కూలోన్నే అన్నడు. మళ్ల చేతులు గట్టుకుని నిలవడ్డడు."

మొదటిసారి నేను అడిగితే నిలబడ్డాడు. రెండోసారి ఎవరూ అడగలేదు. నిజం చెబితే నా ఇల్లు పోతుందని ఆ ఒక్క క్షణంలో ఆయనే లెక్క కట్టుకున్నాడు.

బావ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన టెంపో దిగి నన్ను చూడగానే, "ఏందిరా, మొఖం గట్ల వెట్టినవ్?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"పోనీ తియ్. నీ ఇల్లు పోతే మీ అక్క నన్ను ఇంట్లకు రానిస్తదా? గని ఒక్క మాట. కాగితం నీ పేరు మీదున్నదని ముందుగాల జెప్తే నేను ఫారమే నింపకపోదును. ఐదు వేలు ఫీజు గట్టిన. అవి మునిగినయ్."

"యాదికి లేకుండె బావా," అన్నాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. "పోయిన దీపావళికి ఏ సాంచా మీద ఎన్ని మీటర్లు దిగిందో యాదుంటది నీకు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత సాంచాలు నడిపించడానికి వెళ్లాడు.

ఫైలు తీసుకుని నిజం చెబుదామని కంపెనీ ఆఫీసుకు రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ నాకా దాకా వెళ్లి తిరిగొచ్చాను. భార్యాపిల్లల కోసమని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లను అడగను కూడా లేదు. ఇప్పుడు నెలకు ఆరు వేలు ఎక్కువ కడుతున్నాను. ఇట్లా కడితే మిగిలిన పదమూడేళ్లు ఏడేళ్లకు దిగుతాయి. అప్పుడు ఆ లైసెన్సు బావ పేరు మీదికి మార్చవచ్చు. అప్పటికి ఆయనకు అరవై నాలుగు. లోనుకు ఒక్క సంవత్సరం మిగులుతుంది. తొమ్మిది లక్షలు ఒక్క సంవత్సరంలో తీర్చాలంటే నెలకు ఎనభై వేల పైనే. ఈ లెక్క కూడా కట్టాను. మూడుసార్లు వేసినా అంతే వచ్చింది.

బావ ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు. తలుపు దగ్గర నిలబడి, "సేఠ్ ఉన్నడా ఇంట్ల?" అని గొంతు పెంచుతాడు. మావాళ్లు నవ్వుతారు. చాయ్ గ్లాసు నేనే తెచ్చి ఆయన చేతికిస్తాను. ఫ్యాను వైపు చూసి, చప్పుడొస్తోంది, నూనె వెయ్యాలంటాడు.

అక్క ఈసారి కూడా రాలేదా అని అడుగుతాను.

"కండెలున్నయ్," అంటాడు.