రూములో పాడిన ఆడమనిషి

ఆ కాలంలో నాకు రెండు గొంతులుండేవి. ఒకటి ఆఫీసులోనూ బస్సు కండక్టరు దగ్గరా పనికొచ్చే మామూలు మగగొంతు. రెండోది బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఒక పాటల బృందంలో చేరాక బయటపడింది. కొన్ని వందల ఏళ్ళ కిందటి ఐరోపా పాటలు పాడే బృందమది. అక్కడి చాలా చర్చిల్లో ఒకప్పుడు ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదట. పైస్థాయి పాటను మగవాళ్ళే దొంగగొంతుతో లాక్కొచ్చేవారట. మాకు నేర్పే పెద్దావిడ (చాటున మేం గమకాల టీచరమ్మ అనేవాళ్ళం) ఒకరోజు నా పాట విని, "నీలో ఒక ఆడగొంతు దాక్కుని ఉంది, రానివ్వు" అంది. వచ్చింది. వచ్చాక వదల్లేదు.

ఆ పాటల్లో కాగితం మీద ఉండేది సగమే, మిగతాది పాడేవాడు అల్లుకోవాలి. అదే వరుస రెండోసారి వస్తే మొదటిసారి పాడినట్టు పాడకూడదు. చివర్లో గొంతు వణికించాలి, ఒకే స్వరాన్ని మేకపిల్ల అరిచినట్టు తునకలు తునకలుగా పలికించాలి. "ఏ నగా లేకుండా పాడితే ఉప్పులేని పప్పు వడ్డించినట్టే" అనేది టీచరమ్మ. ఆ మేకపిల్లను నేను ఆదివారాలు రూములో తలుపేసుకుని సాకేవాణ్ణి.

అప్పుడే నాకు చింతామణిలో సంబంధం కుదిరింది. అమ్మాయి తండ్రికి విత్తనాల అంగడి. ఆయన ఒక ఆదివారం బెంగళూరు వచ్చి, కాబోయే అల్లుణ్ణి పలకరించి పోదామని చెప్పకుండా నా రూము దాకా వచ్చాడు. లోపల ఎవరో ఆడమనిషి అర్థంకాని భాషలో పాడుతోంది. మధ్యమధ్య కిలకిలమంటోంది కూడా. ఆయన తలుపు తట్టలేదు. తెచ్చిన మామిడిపండ్ల సంచితో సహా వెనక్కి తిరిగి బస్సెక్కేశాడు.

సాయంత్రానికల్లా మా ఊరు చాకవేలు నుంచి నాయన ఫోను.

"నీ రూములో ఎవురుండారురా?"

"నేనే నాయనా."

"మరి పాడతాండేదెవురు?"

"అదీ నేనే."

"అబద్ధం చెప్పినా అతికేటట్ల చెప్పల్ల నాయనా" అన్నాడు.

అమ్మాయిని చూసింది ఒక్కసారే. కాఫీ ఇస్తూ, "చక్కెర తక్కువైతే చెప్పండి, ఎక్కువైతే మాత్రం చెప్పొద్దండి" అంది. ఆ మాట అప్పటినుంచీ నా చెవిలోనే ఉంది. అది పోగొట్టుకోలేక నాయన్ను వెంటబెట్టుకుని చింతామణి వెళ్ళాను.

నడిమింట్లో చాప వేశారు. పెద్దలంతా గోడలకానుకుని కూర్చున్నారు. "పాడు చూద్దాము" అన్నాడు అమ్మాయి తండ్రి. అంతలోనే అనుమానమొచ్చి, "ఆ పోను ఇట్ల ఇయ్యప్పా" అని నా ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. మొదలుపెట్టాను. మొదటి స్వరానికే తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం వచ్చింది. "రూములో ఇంతకన్నా బాగుండెనే" అన్నాడాయన, సాక్ష్యం దొరికినట్టు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి వచ్చింది, సన్నగా, నిండుగా. మా నాయన తల దించుకున్నాడు (మీసాలున్న కొడుకు అట్లా పాడుతుంటే ఏ రైతయినా ఏం చేస్తాడు). అమ్మాయి అవ్వ మాత్రం చాప మీద జరుగుతూ జరుగుతూ నా దగ్గరికి వచ్చి, అరచెయ్యి తీసి నా గొంతు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే మేకపిల్ల వచ్చింది.

"యాడా మోసం లేదు," అంది అవ్వ. "ఈడనే, ఈ పిల్లోని గొంతులోనే కొట్టుకుంటాండాది."

ఇల్లంతా నవ్వు. అమ్మాయి తండ్రి నవ్వలేదు. ఆయనకు ఇంకో చింత పట్టుకుంది. "అంతా బాగుండాది గానీ, పెండ్లయినాంక గూడా ఇట్లే పాడతాడా?" అని మా నాయన్ను అడిగాడు. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"పాడితే పాడనీ నాయనా. దినామూ వినేది నేను గదా."

ఆయన నా ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. దాన్నే నేను తాంబూలం అనుకున్నాను.

టీచరమ్మ తర్వాత ఊరు మారింది, బృందం చెదిరింది. నా రెండో గొంతు కూడా ఏ సంవత్సరమో చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇప్పుడు పిలిస్తే దగ్గు వస్తుంది. నలుగురిలో మాట్లాడమంటేనే కాగితం చూసుకునే మనిషినయ్యాను. ఎప్పుడైనా చింతామణిలో అత్తగారింటికి వెళ్ళి ఆ నడిమింట్లో కూర్చుంటే, మీసాలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అంతమంది పెద్దల ముందు ఆడగొంతుతో పాడిన ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. వాడికి సిగ్గు ఎందుకు వెయ్యలేదో నాకిప్పటికీ తెలియదు. వాడంటే కొంచెం అసూయ, చాలా ముద్దు.