నాలుగు మడతల గుడ్డ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఆ కబుర్లు చెప్పేవాళ్లంటే చిరాకు కూడా. శబ్దం వస్తే ఎక్కడో నట్టు వదులైందనుకునే మనిషిని. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మా ఊరు ఎల్లారెడ్డి. పని నేర్చుకున్నది కామారెడ్డిలో, చాంద్ మామ ట్రాక్టర్ షెడ్డులో. విప్పిన ప్రతి సామాన్నీ ఆయన తుడిచి, నాలుగు మడతలు పెట్టిన గుడ్డ మీద, తన ఎడమ పక్కన పెట్టేవాడు. నేనేమో బోల్టులు జేబులో వేసుకునేవాణ్ని. "జేబుల ఏస్కొని రామారెడ్డి ఊరి దాక పోతవ్, ఈడ బండి పండుకుంటది" అని తిట్టేవాడు. గేర్‌బాక్స్ పని పూర్తిగా నేర్చుకుని పొమ్మని ఆయన అంటుండగానే, చెప్పకుండా గల్ఫ్ విమానం ఎక్కేశాను. సిగ్గుతో ఆరేళ్లు ఫోన్ చేయలేదు.

అక్కడ ఒక ఓనరు తెరచాప పడవకు నేనే మెకానిక్, నేనే కాపలా. తిండీ పడకా పడవలోనే. తెలుగులో ఒక్క మాట లేకుండా వారాలు గడిచేవి. ఒక్కోసారి ఇంజన్‌తోనే మాట్లాడేవాణ్ని, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ ఉదయం పడవను ఒక్కణ్నే పక్క రేవుకు తీసుకెళ్తున్నాను. గాలి ఆగిపోయింది. చాపలు వేలాడిపోయాయి. ఇంజన్ నడుస్తోంది, గేరు పడుతోంది, పడవ మాత్రం కదలదు. నీళ్లు రేవు బయటి రాళ్ల కట్ట వైపు లాగుతున్నాయి. లంగరు వేస్తే పట్టు దొరకక జారింది. రేవువాళ్లకు ఫోన్ చేసి సాయం అడిగితే గంట పడుతుందన్నారు. అప్పుడు టైము పది. నాకు ఈత రాదు.

పడవ లోపల ఇంజన్ దగ్గరికి దిగి చూశాను. గేరు కేబుల్ బాగుంది. ఇంజన్ ఆపి, గేర్‌బాక్స్‌లో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి తుడిచి, ట్రాక్టర్‌కు చేసినట్టే మర పూర్తిగా బిగించి, మళ్లీ తీసి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. రెండోసారి చూసినా అంతే. దాన్ని బిగించేసి, రాళ్లు ఎంత దూరమో చూడడానికి పైకి వెళ్లాను.

తిరిగి దిగేసరికి డిప్‌స్టిక్ గేర్‌బాక్స్‌లో లేదు. నేను కూర్చునే చోటికి ఎడమ పక్కన, శుభ్రంగా తుడిచి, నాలుగు మడతల గుడ్డ మీద పెట్టి ఉంది. పడవలో నేను తప్ప పురుగు కూడా లేదు.

దాన్ని రంధ్రంలో పెట్టాను. చెమటకు వేళ్లు జారి మర బిగించలేకపోతుంటే అలాగే పైకి లాగాను. కొసకు ఆయిల్ చుక్క కూడా అంటలేదు. అప్పుడు వెలిగింది. ఈ గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్‌ను బిగించకూడదు, ఊరికే ఆనించి చూడాలి. నేను బిగించడంతో అది లోతుకు దిగి, అడుగున మిగిలిన ఆయిల్‌నే నిండుగా చూపించింది. ఆయిల్ చాలకనే ఇంజన్ ఊపు పడవ పంకాకు అందలేదు. గబగబా ఆయిల్ పోసి, ఇంజన్ ఆన్ చేసి గేరు వేశాను. పడవ కదిలింది. అప్పటికి రాళ్ల మీది పీతలు కనిపించేంత దగ్గరికి వచ్చేశాను.

సాయంత్రం రేవులో పడవ కట్టేసి మామ ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య జైనబ్ అత్త ఎత్తింది.

"ఇన్నేండ్లకు యాదికొచ్చినమా బిడ్డా?" అంది. మామకు పక్షవాతం వచ్చి ఏడాదైందట, మాట పడిపోయిందట. "ఇయ్యాల ఏమైందో గని, పదకొండున్నరకు నేను మందులిచ్చే టైముల ఎడమ చేత్తోని తువ్వాల గుంజుకున్నడు. నాలుగు మడతలు ఏసి పక్కకు పెట్టుకున్నడు. ఏడాదిల గంత పని ఎన్నడు చెయ్యలే."

మామ ఇంట్లో పదకొండున్నర అంటే నేనున్న చోట పది.

భయంలో నేనే తీసి మరిచిపోయానేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ గుడ్డ మడతపెట్టే అలవాటు నాకు ఏనాడూ లేదు. అది ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఫోన్ మామ చెవి దగ్గర పెట్టమన్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇంజన్ ఆన్ చేసి, గేరు వేసి, ఫోన్‌ను గేర్‌బాక్స్ పక్కన పెట్టాను.

కాసేపటికి అత్త గొంతు వినిపించింది.

"ఏడుస్తుండు బిడ్డా. బంద్ చెయ్యకు, ఇననియ్యి."